కుము అన్నోడు

లుబాంజి అని ఒకడుండెనంట. కమ్మరోడు. భుజం మీద మేకతోలు తిత్తి, నడుముకు ఒక సుత్తె, గంతే వాని ఆస్తి. ఎక్కడోడో ఎవ్వరికి తెల్వది, ఒక్కొక్కరు ఒక్కో కొండ పేరు చెప్తరు. సముద్రానికి అవతల, మా ముత్తాతల ముత్తాతలు పుట్టిన ఎర్రమట్టి దేశం ముచ్చట ఇది. మా నాని ఎట్ల చెప్పిందో నేను గట్లనే చెప్తున్న. నడుమల ఎవ్వడన్న 'నిజమేనా' అన్నడనుకో, లేచి పోత. జాఫరూ, నీకే, ఫోను పక్కకు పెట్టు.

ఆ దేశంల అప్పటికి రాజులు లేరు. ఊరికొక నీళ్ళ చెలిమె, చెలిమెకొక ఇల్లు. చెలిమె మీద ఇంత పెద్ద బండ. పొద్దుగాల ఆ ఇంటి పెద్ద వచ్చి బండ జరిపి, సొరబుర్రతోని ముంచి ఇంటింటోళ్ళ కుండల పోస్తేనే ఊరు నోరు తడుపుకునుడు. బుర్ర ఎవ్వరి చేతిలుంటే ఊరు వాళ్ళ చేతిలున్నట్టే అనుకో. గప్పుడు ఆ బుర్ర యంబె అవ్వ చేతిలుండె. అవ్వకు మొగడు సచ్చిండు. ఒక్కడే కొడుకు, కసాక. పన్నెండేండ్లప్పుడు మేకల తోలుకొని పోయిండు, పొద్దుగూకంగ మేకలొచ్చినయి, పిలగాడు రాలే. చిరుతపులి అన్నరు, పాము అన్నరు, వాగు అన్నరు. అవ్వ ఏమనలే. పదిహేనేండ్లు గట్లనే పోయినయి. ఇగ అవ్వకు కొడుకు లేకుంటే ఆమె తర్వాత బుర్ర ఎవ్వనికి పోతదంటే, మరిది మురండకు. మురండ ఎసొంటోడో మీకు చెప్పాల్నా? అవ్వ బతికుండంగనే చెలిమె కాడికొచ్చి బండ మీద కూసొని అంటుండెనంట, 'నా దినం రానియ్యిండ్రి, నీళ్ళు ఊకెనే పొయ్య. ఆవునిచ్చినోనికి పోస్త, పిల్లనిచ్చినోనికి పోస్త.' అందుకే అవ్వ ఒక్కసారి దగ్గితే ఊరంత ఉలిక్కిపడేటిదంట. ఆమె పాణం మీదనే ఊరి పాణం.

ఏమైందంటే, ఎండకాలం, పట్టపగలు. లుబాంజి మూడొద్దులు నడిచి నడిచి ఆ ఊర్లె పడ్డడు. పెదవులు పలిగినయి. ముంగట ఏ ఇల్లు కనవడితే ఆ ఇంటి కడప కాడ ఆగిండు. అది యంబె అవ్వ ఇల్లే. తలుపు దగ్గరికేసి ఉంది. తలుపు మీద శెయ్యి కొట్టి, వాని భాషల, వచ్చిన ఒక్క మాటన్నడు. 'కుము.' వాని భాషల కుము అంటే నీళ్ళు. వాడు నీళ్ళడిగిండు, గంతే. కానీ ఆ ఊరి భాషల కుము అంటే ఏందో తెల్సునా? 'వచ్చిన.' బయటికి పోయిన ఇంటి మనిషి మల్ల ఇంటికొచ్చి తలుపు కాడ అనే మాట. పరాయోడు అననే అనడు. అయ్యో, ఇంటి మనిషే అంటడు ఆ మాట.

లోపల అవ్వ జొన్నలు చెరుగుతున్నదంట. చాట ఆగింది. మా నాని గూడ ఇక్కడికొచ్చేసరికి ఆగుతది, ఎప్పుడు జెప్పినా ఆగుతది, మేం ఊపిరి పట్టుకొని కూసుంటం. అవ్వ లేచి తలుపు తీసింది. చూసింది. పెయ్యంత దుమ్ము, ఇరవై ఏడు ఇరవై ఎనిమిదేండ్ల మొగోడు, నిలవడ చేతగాక గోడ పట్టుకొని ఉన్నడు. మల్ల అన్నడు, 'కుము.' అవ్వ లోపలికి పోయి బుర్రనిండ నీళ్ళు తెచ్చి రెండు చేతుల పట్టుకొని తాగిపిచ్చింది. పక్కింటామె చూసింది, కుము అన్నది ఇన్నది. ఇగ ఊకుంటదా? 'కసాక వచ్చిండు! యంబె కొడుకు వచ్చిండు! కుము అన్నడు, నా చెవులతోని ఇన్న!' అని వాడంత ఉరికింది. ఊరంత వచ్చి పడ్డది. ఆడోళ్ళు ఏడుస్తున్నరు, మొగోళ్ళు వాని భుజాలు తడుముతున్నరు. లుబాంజికి ఒక్క ముక్క సమజైతలేదు. వాడేదో మాట్లాడితే వీళ్ళకు సమజైతలేదు. 'పాపం, పదిహేనేండ్లు బయట బతికినోడు, భాష మర్చిపోడా?' అన్నరు. కమ్మరి పనెట్ల వచ్చిందంటే, 'యాడనో నేర్చుకోని ఉంటడు.' మనుషులు నమ్మాలె అనుకుంటే గట్లనే ఉంటది, అన్నిటికి జవాబు వాళ్ళే చెప్పుకుంటరు. ఒక్క మురండ మాత్రం గుంపు ఎనక నిలవడి ఉన్నడంట, మొఖంల నెత్తురు సుక్క లేదు.

ఈ ముచ్చట యాదిలుంచుకోండ్రి, మురండ మొఖంల నెత్తురు లేదు.

వాడు ఆ ఇంట్ల ఉండిపోయిండు. ఎందుకుండడు, తిండి పెడుతున్నరు, పక్కేస్తున్నరు. కొలిమి పెట్టిండు. ఆ ఊర్లె అప్పటిదాంక మొద్దుకట్టెలతోని దున్నేటోళ్ళు, వీడు పారలు చేసిచ్చిండు, కొడవండ్లు చేసిచ్చిండు. చెలిమె పూడుకపోతే ఇనుప గడ్డపార పట్టి రాయి పగలగొట్టి రెండు నిలువుల లోతు దింపిండు, నీళ్ళు రెండింతలైనయి. మురండ సంగతి చెప్పాల్నా, నవ్వొస్తది. రోజు పొద్దుగాల కోడిపుంజు పట్టుకొని వచ్చుడు, 'బిడ్డా కసాకా, బాగున్నవా, చిన్నబాపును ఏమన్న అనుకుంటున్నవా, పాతయి ఏమన్న యాదికొస్తున్నయా' అనుడు. వాడు ఏం చెప్తడు, భాషనే రాదాయె, తల ఊపేటోడు. తల ఊపిండంటే మురండకు ఆ దినమంత అన్నం పోకపోవుడు.

నాలుగు నెలలైనయి. భాష జర జర వస్తున్నది. ఒక దినం లుబాంజి కొలిమి కాడ తిత్తి కొడుతుంటే, ఎదురింటి పోరడు మేకల మేపి ఉరుక్కుంట వచ్చి, తలుపు గుద్ది 'కుము!' అని ఒర్లిండంట. లుబాంజి అనుకున్నడు, పాపం పిలగానికి దూపైతున్నది, నీళ్ళిస్తరేమో. వాళ్ళమ్మ వచ్చింది. నీళ్ళు తేలే. పిలగాన్ని ఎత్తుకొని, 'వచ్చినవా బిడ్డా, వచ్చినవా' అని ముద్దు పెట్టుకున్నది. లుబాంజి చేతుల తిత్తి ఆగింది. నిప్పులు సల్లారినయి. గట్లనే కూసున్నడంట. ఆ దినం తను తలుపు కాడ ఏమన్నడో, వీళ్ళకు ఏమని ఇనవడ్డదో, అప్పుడు సమజైంది వానికి. తను తింటున్నది ఇంకొకని బువ్వ. పండుతున్నది ఇంకొకని పక్క మీద. పిలిపిచ్చుకుంటున్నది ఇంకొకని పేరు.

లేచి సక్కగ ఇంట్లకు పోయిండు. 'అమ్మా, ఒక మాట చెప్పాలె.' అవ్వ అన్నది, 'ముందు తిను, తిన్నంక చెప్పు.' తిన్నడు. తిన్నంక అవ్వ చెలిమె కాడికి పోయింది. వారం దినాలకు మల్ల ధైర్యం చేసిండు. 'అమ్మా, ఒక మాట.' 'నీ అంగీ చినిగింది, ఇటియ్యి కుడ్త. కుట్టినంక చెప్పు.' కుట్టింది, నిద్రపోయింది. మూడోసారి పోయిండు, ఈసారి చెప్పకుంటే మొగోన్నే కాదనుకొని పోయిండు. 'అమ్మా, నేను...' అవ్వ దగ్గింది. దగ్గి దగ్గి, 'జర నీళ్ళియ్యి బిడ్డా' అన్నది. వాడు ముంచిచ్చిండు. ఆమె తాగి, వాని చెయ్యి పట్టుకొని, 'రేపు చెప్తువు తియ్యి' అన్నది. గట్ల రేపు రేపు అని రెండేండ్లు పోయినయి. మీరు అనొచ్చు, గంత నియ్యత్, నిజాయితీ ఉన్నోడైతే కడప దాటి పోవద్దా అని. పోదామని తిత్తి భుజానికేసుకున్నడంట ఒకసారి. కడప కాడ నిలవడ్డడు. యాడికి పోతే ఎవ్వరు తలుపు తీస్తరు? కాలు పడలే. మనమైతే ఏం చేస్తుంటిమి, చెప్పు జాఫరూ. నువ్వైతే అంగీ గూడ ఇంకొకటి కుట్టిపిచ్చుకుంటుంటివి.

ఇగ ఏమైందంటే, మురండకు ఒక దినం అనుమానమొచ్చింది. రెండేండ్లాయె, వీడు నన్ను ఒక్క మాటనలే, ఏంది కథ అని. కొలిమి కాడికి వచ్చి కూసొని, ఊకెనే అడిగినట్టు అడిగిండు. 'బిడ్డా, ఉప్పురేవు కాడికి మల్ల ఎప్పుడన్న పోయినవా?' లుబాంజి పారకు పదును పెట్టుకుంటనే అన్నడు, 'ఉప్పురేవా? అది యాడుంది చిన్నబాపు, నేనెప్పుడు సూడలే.' మురండ లేచిండు. దార్లె పోయేటప్పుడు నవ్వుకుంట పోయిండంట. మల్ల ఆ ఇంటికి కోడిపుంజు రాలే.

గా సంవత్సరమే అవ్వ మంచాన పడ్డది. లేచి బండ జరుపలేదు. ఊరి పెద్దలు అన్నరు, ఇగ బుర్ర కొడుకు చేతిల పెట్టాలె. దానికొక పద్ధతుంది. ఊరంత చెలిమె చుట్టు కూసుంటది. బుర్ర తీసుకునేటోడు నీళ్ళు ముంచి నోటి కాడ పెట్టుకొని, 'నేను ఫలానా, ఫలానోళ్ళ కొడుకును' అని పేరు చెప్పి తాగాలె. అబద్ధం చెప్పి తాగినోని కడుపు ఉబ్బి పాణం పోతదని వాళ్ళ నమ్మకం. తాగకుంట ఇంకొకని పేరు దొంగతనం చేసిండని తేలితే ఇంకా పాడు శిక్ష. నెత్తిల బూడిద పోసి ముండ్లకంపల మైదానంల ఇడిసిపెడ్తరు. వానికి ఏ ఊరోడు గుక్కెడు నీళ్ళు పొయ్యొద్దు. పోసినోనికి గూడ అదే శిక్ష.

పొద్దున్నే ఊరంత కూసున్నది. యంబె అవ్వను మంచంతోని ఎత్తుకొచ్చి చెలిమె కాడ పెట్టిన్రు. లుబాంజి బుర్ర ముంచిండు. అప్పుడు మురండ లేచిండు. 'ఆగుండ్రి. వీడు కసాక కాదు.' ఊరంత గొణుగుడు. ఒక పెద్దమనిషి అన్నడు, 'ఏం మురండా, రెండేండ్లు కోళ్ళు తినపెడ్తివి, ఇయ్యాల కాకపాయెనా?' నవ్విన్రు. మురండ నవ్వలే. 'కాదని నేనంటున్న. వాడే అయితే తాగమనుండ్రి. పేరు చెప్పి తాగమనుండ్రి.'

లుబాంజి బుర్ర నోటి కాడ పెట్టుకున్నడు. అందరు చూస్తున్నరు. ఒక్క మాట. 'నేను కసాకను' అంటే ఊరు వానిది, చెలిమె వానిది, అమ్మ వానిది. కడుపు ఉబ్బుతదో లేదో దేవునికెరుక. అన్లేదంటే ముండ్ల మైదానం. వానికి దూపంటే ఏందో తెల్సు, ఆ ఊర్లె ఎవ్వనికి తెల్వనంత తెల్సు. బుర్ర కిందికి దించిండు.

'నేను కసాకను కాను' అన్నడు. 'నా పేరు లుబాంజి. మా భాషల కుము అంటే నీళ్ళు. ఆ దినం నేను నీళ్ళడిగిన. మీకు వేరే ఇనవడ్డది. ముందు దూప, తాగిన. తర్వాత ఆకలి, తిన్న. తెలిసినంక సిగ్గు, చెప్పలే. సిగ్గు పోయేసరికి ఆమె మీద పాణమైంది, ఇగ చెప్పబుద్ధి కాలే. ఆమెనేమనకుండ్రి. ఆమెకేం తెల్వది. తప్పు నాది.' అని బుర్ర తీసుకపోయి యంబె అవ్వ మంచం కాడ పెట్టి, తలకాయ దించుకొని నిలవడ్డడు.

మురండ ఎగిరిండు, చేతులు చరిచిండు. 'చెప్పిన్నా లేదా! నాకు ముందే తెల్సు! వీడు కసాక ఎట్లైతడు, కసాక ఉప్పురేవు కాడ పడవ ఎక్కేదాంక అమ్మా అమ్మా అని ఏడ్సుకుంటనే...'

అని, ఆగిండు.

ఆగిండు గని, మాట ఆగుతదా, పోయింది. ఊరంత ఇన్నది. మంచం మీదికెల్లి యంబె అవ్వ, మూడు దినాల సంది నోరు ఇప్పనామె, మెల్లగ అన్నది. 'ఏడ్సిండా?' మల్ల అన్నది, 'ఏ పడవ ఎక్కిండు మరిదీ? ఎటు దిక్కు పోయింది?' మురండ ఎనకకు జరిగిండు. ఎనక మనుషులున్నరు. 'అమ్మా అమ్మా అన్నడా? ఎన్నిసార్లన్నడు? నువ్వు దగ్గరున్నవు కదా, చెప్పు, నువ్వే గదా తీస్కపోయింది.' ఇగ అక్కడ ఎవ్వరు ఎవ్వర్ని పట్టుకోలే, కొట్టలే. మురండ కింద కూసొని తలకాయ ఒంచిండు, ఒప్పుకున్నట్టే. పెద్దలు లేచి, ఎవ్వని కోసం తెచ్చిన బూడిదనో ఎవ్వని నెత్తిల పోసిన్రు. గంతే వాని కథ, ముండ్ల మైదానం దిక్కు పోయిండు.

బూడిద పోసినంక పెద్దలు లుబాంజి దిక్కు తిరిగిన్రు. వీడు గూడ పేరు దొంగనే గదా, నోటితోనే ఒప్పుకునె. శిక్ష శిక్షే. వాడు గూడ తిత్తి భుజానికేసుకొని తయారున్నడు. 'అమ్మా, పోతున్న' అన్నడు. 'నీ కొడుకును కాను.'

యంబె అవ్వ మోచేతి మీద లేచి కూసున్నది. బుర్ర చేతిలకు తీసుకున్నది. 'తెల్సు' అన్నది. 'తాగు.'

ఊరికి మతిపోయింది. వానికి ఇంకా ఎక్కువ పోయింది. 'ఎప్పటి సంది తెల్సు?' అన్నడు. అవ్వ అన్నది, 'నా కసాక పన్నెండేండ్లల్ల ఒక్కసారి గూడ ముంగటి తలుపు కెల్లి రాలేదురా. మేకల దొడ్లకెల్లి దూకి వచ్చేటోడు. నువ్వు తలుపు మీద శెయ్యి కొట్టినప్పుడే తెల్సు.' 'మరి ఎందుకు తీసినవు?' 'నువ్వు నీళ్ళు అడిగినవు. నీ భాష నాకు రాదు గని, పలిగిన పెదవులకు భాషేంది. దూపకు కొడుకేంది, పరాయోడేంది?' మల్ల అన్నది. 'ఇంకొక మాట గూడ ఉంది, అది మంచి మాట కాదు. పదిహేనేండ్లు నేను ఇంటింటి మొఖాలు చూసిన, నా బిడ్డ ఏమైండో ఎవ్వనికెరుక అని. నువ్వొచ్చిన దినం అందరి మొఖాలు నవ్వినయి, ఒక్క మొఖం నవ్వలే. నువ్వు నా కొడుకువి కాదని చెప్పగలిగినోడే నా కొడుకు సంగతి చెప్పగలుగుతడు. అందుకే నిన్ను చెప్పనియ్యలే. అన్నం అన్న, అంగీ అన్న, దగ్గు అన్న. నిన్ను అడ్డం పెట్టుకున్న బిడ్డా. నీ తప్పు నీదైతే నా తప్పు నాది.' వాడు ఏడ్సిండు, ఆమె ఏడ్సింది. తర్వాత వాడు తాగిండు. తాగితే కడుపు ఉబ్బలే, ఎట్ల ఉబ్బుతది, నిజం చెప్పినంక తాగె. శిక్ష పడ్డోనికి నీళ్ళు పోసినోళ్ళకు గూడ శిక్షే అని చెప్పిన కదా? పెద్దలు ఒకని మొఖం ఒకడు చూసుకున్నరు. ఆ ఊర్లె ఆమె పోసిన నీళ్ళు తాగనోడు ఎవ్వడు, శిక్ష ఎయ్యడానికి?

బుర్ర వానికే ఇచ్చిన్రు. వాడు తీసుకోనన్నడు. పట్టువడితే ఒక షరతు పెట్టిండు. 'నా తర్వాత ఈ బుర్ర పట్టేటోడు ఎవ్వడైనా, ముందు ఈ ఇంటి కడప కాడికి చెప్పులు ఇడిసి రావాలె. నీళ్ళడగాలె. నీ కొడుకును కాను అనాలె. తర్వాతే పట్టాలె.' తర్వాతొచ్చిన రాజులకు ఆ కడపే గద్దె. వాని కొడుకులు, మనుమలు పన్నెండు ఊర్లను కలిపిన్రు, నగారాలు పెట్టిన్రు, రాజులైన్రు. అయినంక వాళ్ళ పాటగాళ్ళు ఏం కట్టిన్రో తెల్సునా, లుబాంజి మెరుపు పట్టుకొని మబ్బులకెల్లి దిగిండట! మా నాని నవ్వుతది. 'మెరుపు మీద వచ్చినోనికి దూపెట్లైతదిరా, మబ్బులనే తాగి వస్తుండె గదా' అని. ఎన్ని పాటలు కట్టినా కడప కాడికి మాత్రం రావాల్సిందే. కొత్త రాజు తిత్తి భుజానికేసుకొని వస్తడు, తలుపు మీద శెయ్యి కొట్టి 'కుము' అంటడు. లోపల యంబె ఇంటి ఆడోళ్ళల్ల పెద్దామె, 'ఎవరు?' అంటది. 'నీ కొడుకును కాను.' 'తెల్సు, తాగు.' అప్పుడే నగారా. ఎనిమిదో రాజు ఎవడో పొగరుమోతు, 'ఎవరు' అంటే 'రాజును' అన్నడంట. లోపలికెల్లి ముసలమ్మ, 'రాజులకు గడిల నీళ్ళుంటయి, పో నాయనా' అన్నది. తలుపు తీయలే. తెల్లారి ఒచ్చి సక్కగ అన్నడు.

ఇగ మన దాంక ఎట్లొచ్చిందంటే, కసాక ఎక్కిన పడవసొంటివే, మనుషుల్ని కొనుకపోయే పడవలే మల్ల మల్ల వచ్చినయి. గట్లనే యంబె ఇంటి దిక్కోళ్ళల్ల ఒకాయనను ఎక్కిచ్చిన్రు, ఇటు తెచ్చి ముబారక్ అని పేరు పెట్టి ఒక గడిల గుర్రాల కాడ ఉంచిన్రు. ఆయనే మా ముత్తాతల ముత్తాత. ఆయన మొదటిసారి ఈ దిక్కు ఊర్లెకొచ్చి ఒక ఇంటి ముంగట నిలవడి, దూపై, లుబాంజి అన్నట్టే 'కుము' అన్నడంట. ఆ ఇంటామె రోట్ల జొన్నలు దంచుతున్నది. ఆమెకు 'కుమ్ము' అని ఇనవడ్డది. 'నువ్వే కుమ్ముపో' అని రోకలి చేతిలపెట్టింది! పాపం, ఆయన జొన్నలన్ని దంచిండంట దూపతోని. దంచినంక ఆమె మొఖం చూసి, 'అయ్యో, నీళ్ళా' అని చెంబు తెచ్చింది. ఆమె పేరు మాకు తెల్వది. నాని దువాల రోజు ఆమెను తలుసుకుంటది, 'చెంబు తెచ్చినామె' అని.

ఇప్పటికి మా ఇండ్లల్ల నిఖా అయి పెండ్లికొడుకు అత్తగారింటికి వస్తే, తలుపు మూసి ఉంచుతరు. కుము అనాలె, కొడుకును కాను అనాలె. బుర్ర పోయినేడు మా మామ పెండ్లిల కింద పడి పలిగింది, ఇప్పుడు స్టీలు చెంబే. మా వాడల ఎవడన్న మీసం దువ్వి 'మేం రాజుల సంతతి' అంటే నాని అంటది, 'తాగింది రాజులు. పోసినోళ్ళం మనం.' గంతే ముచ్చట. ఇంతసేపు చెప్తే నా గొంతు ఎండింది, ఒక్కడన్న లేస్తలేడు. ఏం జాఫరూ, నీళ్ళు తెస్తవా, లేకుంటే నేను గూడ నీ కొడుకును కానని చెప్పాల్నా?